కంప అడ్డమేసిన ఇళ్లు

నల్లదొడ్డి కాలనీ,
4 ఫిబ్రవరి 2025

పెద్దక్క అత్తకు శివకుమారి రాస్తున్నది.

నీ ఇల్లు, నీ కోళ్లు, నీ కూతురు క్షేమం. ఈ మూడింట్లో చెప్పిన మాట వినేవి కోళ్లే. శివాని మా ఇంట్లోనే ఉంటోంది, మా అమ్మ వండిన కొర్రన్నాన్ని వంక పెట్టకుండా తింటోంది. ఈ సంగతులు ఫోనులో చెబుదామని రెండుసార్లు నీళ్ల ట్యాంకు ఎక్కాను. రెండుసార్లూ "ఎవురూ?" అని నువ్వు అరవడం వినబడి లైను తెగిపోయింది. అందుకే కాగితం.

శివాని దూరవిద్యలో ఇంటరు చదువుతోంది కాబట్టి పాఠాలన్నీ నెట్లోనే. మధ్యాహ్నం మూడింటికి లెక్కల క్లాసు. ఆ వేళకు మేమిద్దరం ట్యాంకు మీద కూర్చుంటాం. సిగ్నల్ ఉన్నంతసేపు లెక్కలు, పోయాక గాలి. జూన్ లోపల కాలనీకి నెట్టు రాకపోతే చదువు మాన్పించి వచ్చే సుగ్గికి నీతోపాటు వలస కూలికి తీసుకుపోతానన్నావు. అన్నంత పనీ చేసే మనిషివి. అందుకే వివరంగా రాస్తున్నాను.

పోయిన గురువారం అరుణ్ కుమార్ అని ఒక సర్వే అతను వచ్చాడు. మా వీధి దుమ్ములో నిలబడి కూడా ఇస్త్రీ మడత చెదరని చొక్కా. అతని పటంలో నల్లదొడ్డి మొత్తం ఆకుపచ్చ రంగు. "మీకు ఇంటర్నెట్ వచ్చేసింది కదా మేడమ్" అన్నాడు. వచ్చింది, ఊళ్లో పంచాయతీ ఆఫీసు దాకా. అక్కడ ఒక పెట్టెలో ఉంది, పెట్టెకు తాళం ఉంది. వాన నీళ్ల వంకకు ఇవతల కిలోమీటరు దూరంలో ఉన్న మనం ఊరికే ఆ పచ్చరంగులో పడి ఉన్నాం. ఆ మాటే చెప్పాను. అప్పుడు కొత్త పథకం సంగతి బయటపెట్టాడు. తెల్లకార్డు ఇళ్లకు తక్కువ అద్దెకు తీగ నేరుగా ఇంట్లోకే ఇస్తారట. కాలనీలో యాభై కాపురాలైనా ఉండాలట. మనవి అరవై నాలుగు ఇళ్లు. ఉత్సాహంగా దగ్గరుండి తిప్పాను. అంతా అయ్యాక చూస్తే అతను రాసుకున్నది ఇరవై మూడు!

మీరంతా సుగ్గికి పోతూ తలుపులకు ముళ్లకంప అడ్డమేసి పోయారు కదా. ఆ నలభై ఒక్క ఇళ్లకూ ఎదురుగా "పాడుబడినవి" అని రాశాడు. "సార్, మా దగ్గర తాళం బదులు కంప వేస్తారు, పనులైపోగానే వస్తారు" అన్నాను. "ముళ్లచెట్లు మొలిచిన ఇళ్లు మేడమ్, నేనేం చేయను" అన్నాడు. మొలిచాయట!

నువ్వు చేయాల్సింది ఒక్కటే. మిర్చి కోతకు పోయిన పది ఇళ్లు వదిలేస్తే, నీ గుంపులో ముప్పై ఒక్క ఇళ్ల వాళ్లున్నారు. వాళ్ల పేర్లు, ఇంటి నంబర్లు, సుగ్గికి ఎప్పుడు పోయారు, ఎప్పుడు తిరిగొస్తారు, కింద సంతకమో వేలిముద్రో. వెంటనే పంపు.

నీ మేనకోడలు,
శివకుమారి


కేశవయ్య గారి పసుపు కళ్లం, మైదుకూరు,
11 ఫిబ్రవరి

అమ్మీ శివకుమారీ,

జాబు అందె. ఐదో తరగతి దాకా చదివినదాన్ని, అచ్చరాలు వంకరపోతే సర్దుకో. కాగితం పచ్చగుంటే తుడవద్దు, అది నా చేతి పసుపు.

ముందు ఈ మాట చెప్పు. ట్యాంకు ఎక్కుతాండారా మీరిద్దరూ? దానికి పిట్టగోడ యాడుండాది? లెక్కలు నేర్చుకునేకి పోయి కాలు ఇరగ్గొట్టుకుంటే ఆ లెక్క ఎవురు చేస్తారు? మీ నాయన బొజ్జన్న ఇంట్లో ఉండి ఏం చేస్తాండాడు? నా తమ్ముడని చెప్పుకునేకి సిగ్గయితాంది.

ఇంక నీ పని. అన్నాలు తినేటప్పుడు నీ జాబు అందరికీ చదివినా. "కంప వేసిన ఇండ్లు పాడుబడినాయని రాసుకున్నారు" అనే కాడికి వచ్చేసరికి ఎవురి చేయీ నోటికి పోలే. గిడ్డమ్మ కొడుకు వీరభద్ర లేసి, "అయిపాయ. ఇంటి పట్టాలు పీకేస్తారు, రేషన్ కార్డులు కోసేస్తారు. ఊరు ఇడిసి పోయినామని ఈ పిల్ల మన చేతే రాయించుకుంటాండాది" అనె. ఏటా ఎవురొచ్చి అడిగినా మనం "ఊర్లోనే ఉండాము" అంటాం. ఇప్పుడు పోయినామని వేలిముద్ర వేసియ్యమంటే ఎట్లమ్మీ? ఒక్కరూ ముందుకు రాలే. నేను కూడా వెయ్యలే. నెట్టు లేకుండా ఇన్నేండ్లు బతికినాం. కార్డు లేకుండా నెలరోజులు బతకలేం.

నువ్వు చదువుకున్నదానివి, కానీ శానా బిరీన నమ్ముతావు. ఆ ఇస్త్రీ చొక్కాయప్ప యా పార్టీవోడో అడిగినావా?

మీ అత్త పెద్దక్క.
శివాని ఈ జాబు ట్యాంకు మీద చదువుతాంటే, దిగి చదవమని చెప్పు.


నల్లదొడ్డి కాలనీ,
15 ఫిబ్రవరి

అత్తా,

నీ ఉత్తరం చదివి ఒక పూటంతా నీమీద కోపంగా ఉన్నాను. సాయంత్రానికి నీ కోళ్లను గంపల కింద మూసేసరికి అది తగ్గింది.

అరుణ్ కుమార్ ఏ పార్టీ కాదు. మా అమ్మ పెట్టిన రాగిసంగటి రెండు ముద్దలు తిని మూడోది అడగడానికి మొహమాటపడ్డాడు. అంతకుమించి అతనిలో నాకు రహస్యాలేవీ కనబడలేదు. పట్టాలకూ కార్డులకూ ఈ పనితో సంబంధం లేదు. నాదే తప్పు. ఎప్పుడు పోయారు, ఎప్పుడు వస్తారు అని మిమ్మల్ని అడగకూడదు. మన కాలనీలో పుట్టి ఆ మాత్రం తెలియలేదు నాకు. పేరూ ఇంటి నంబరూ చాలు.

ఇంకో విషయం. మీ అందరి ఇళ్లూ ఒక్కొక్కటే తిరిగి చూశాను. చిన్నప్పటి నుంచీ చూస్తున్నవే, ఇప్పుడు కొత్తగా కనబడ్డాయి. ప్రతి కంపకూ ఒక పాతచీర పీలిక కట్టి ఉంది. గాలికి కొట్టుకుపోయినా, మేకలు లాగినా, ఏ ఇంటిదో తెలిసి మళ్లీ పెట్టేందుకు. నీది ఆకుపచ్చ మీద పసుపు చుక్కలు. వీరభద్ర భార్యది నీలం. పాడుబడ్డ ఇంటికి ఎవరైనా ఇంత శ్రద్ధగా గుర్తు కడతారా? ట్యాంకు మీంచి ఫోనులో ఈ మాట చెబితే అరుణ్ కుమార్ కొంచెం మెత్తబడ్డాడు. ఇరవై ఐదో తేదీన మళ్లీ వస్తానని ఒప్పుకున్నాడు. పీలికా పీలికా చూపించి, ఇంటిమనిషి పేరు చెప్పి రాయిస్తాను. అంతదాకా కంపలు కదలకుండా చూడటమే నా పని.

పేర్లు పంపు. శివాని నీమీద అలిగింది కానీ ట్యాంకు దిగలేదు.

శివకుమారి


మైదుకూరు,
20 ఫిబ్రవరి

అమ్మీ,

నీ అత్త చేతకాని మనిషని అనుకోవద్దు. ఇదో, ముప్పై ఒక్క పేర్లు, ముప్పై ఒక్క వేలిముద్రలు. సిరా బిళ్ల దొరకలే, పసుపుతోనే వేసిరి. సుగ్గికి పోయినామని మాత్రం రాయలే, పేరూ ఇంటి నంబరే. అట్లయితే సరేనని, నేను మొదట వేస్తే ఒకరెనక ఒకరు వచ్చిరి.

దానికంటే మంచి మాట ఇంకోటుండాది. కంపలుంటే లెక్కలోకి రావని నీ మొదటి జాబులో రాస్తివే, అది నా మనసులోనే ఉండె. వీరభద్ర వాళ్లమ్మ గిడ్డమ్మ కండ్లు చూపించుకునేకి ఆదోనికి పోయింటే వానికి ఆడ ఫోన్ తగిలె. "అమా, నువ్వూ సోమక్కా కలిసి అందరి కంపలూ పీకి పారెయ్యండి, ఇండ్లు కాపురముండే ఇండ్ల మాదిరి కనబడాల" అని చెప్పె. నేనే చెప్పమంటి. ఆ పీలికలు గూడా తీసెయ్యమన్నాం, సారు చూస్తే గలీజుగా ఉంటాయని. నువ్వొక్కదానివి అగచాట్లు పడతాంటే మేం గమ్మునుంటామా?

నీ రెండో జాబు ఇప్పుడే వచ్చిందని కేశవయ్య గారి ఇంటామె నాగేంద్రమ్మ గారు పిలుస్తాండారు. చదివి మళ్లీ రాస్తా.

అత్త


నల్లదొడ్డి కాలనీ,
4 మార్చి

అత్తా,

నీ "మంచి మాట" నాకు ఇరవై ఏడో తేదీన అందింది. అప్పటికి పని పూర్తయి రెండు రోజులు.

ఇరవై నాలుగున కార్డుల నకళ్ల కోసం నేను ఆదోని పోయాను. తిరిగొచ్చేసరికి కాలనీలో కంప లేదు. గిడ్డమ్మ అవ్వ, సోమక్క, ఇంకో నలుగురు ముసలివాళ్లు ఒంటిపూటలో నలభై ఒక్క తలుపులూ ఖాళీ చేశారు. పీకిన కంపతో కాగుల కొద్దీ నీళ్లు కాచుకుని తలలంటుకున్నారు. సోమక్క నన్ను చూసి తడిజుట్టు విదిలిస్తూ, "చూడు కుమారీ, ఎట్ల కళకళలాడతాండాయో!" అంది.

తాళాల్లేని తలుపులకు కంప కూడా లేకపోతే ఏమవుతుందో మేకలకు తెలుసు. మర్నాడు అరుణ్ కుమార్ మొదటి తలుపు తట్టగానే లోపలి నుంచి మేక వచ్చింది, వెనకే రెండు పిల్లలు. రెండో ఇంట్లో దూడ. నీ ఇంట్లో కోళ్లు, అవి నీవే కాబట్టి వాటినేమీ అనను. అతను పాపం చాలాసేపు ఆలోచించి "పశువుల కొట్టాలు" అని రాశాడు. పాడుబడిన ఇళ్ల నుంచి మనకు ప్రమోషన్. పీలికలు చూపించబోతే ఒక్క పీలికా లేదు. గిడ్డమ్మ అవ్వను నిలదీస్తే, "నువ్వే గదమ్మా కంప చూసి రాసుకోలేదంటివి! తీస్తే తప్పా, ఉంటే తప్పా?" అంది.

నిన్న సోమవారం అర్జీల రోజని కర్నూలు పోయాను. పొద్దున ఎనిమిదికి కలెక్టరాఫీసు వరసలో నిలబడితే పన్నెండున్నరకు జ్ఞానరాజు గారనే అధికారి ముందుకు చేరాను. మీ జాబితా ఆయన ముందు పెట్టాను. పచ్చటి వేలిముద్రలు చూసి, "ఇదేమిటమ్మా?" అన్నారు. "పసుపు సార్. మీ లెక్కలో పాడుబడ్డ ఇళ్ల వాళ్ల వేళ్లు" అన్నాను. ఆయన కాగితాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశారు. తర్వాత చెప్పిందంతా విన్నారు. మీ భయం సంగతి చెబితే, ఈ లెక్కకూ కార్డులకూ పట్టాలకూ సంబంధం లేదని అర్జీ మీదే రాసి ముద్ర వేసి ఇచ్చారు. దాని నకలు ఇందులో పెట్టాను, అందరికీ చూపించు.

కానీ ఆయన కూడా ఒక గీత గీశారు. పన్నెండో తేదీన తనే వచ్చి లెక్క వేస్తారట. ఇంటిమనిషి కార్డు పట్టుకుని తన తలుపు దగ్గర నిలబడాలి. "మనిషి కనబడని ఇల్లు నేను రాయనమ్మా, ఆ రోజుతో జాబితా ముగుస్తుంది" అన్నారు.

ఇంకా ఇరవై ఏడు మంది కావాలి. మీరేమో రెండు వందల యాభై కిలోమీటర్ల అవతల, పసుపు ఉడుకుతున్న కళ్లంలో. రమ్మని అడిగే ముఖం నాకు లేదు. శివానికి చెప్పాను. అది లెక్కల పుస్తకాలకు తాడు కట్టి అటక మీద పెట్టింది.

శివకుమారి


మైదుకూరు,
11 మార్చి

అమ్మీ,

ఈ జాబు పోస్టులో వెయ్యలే. వీరభద్ర చేతికిచ్చినా. ఇది నువ్వు చదివేటప్పటికి నీ ముందర ముప్పై మంది నిలబడి ఉంటారు. ఎంచుకో.

ముద్రేసిన కాగితం చూసినాంక భయం పాయ. భయం పోయినాంక కేశవయ్య గారి కాడికి పోతిమి. "ఒక రోజుకు పోయొస్తామప్పా, లారీ ఇయ్యి" అంటి. "తవ్విన పసుపు ఉడకెయ్యకుండా ఉంటే కుళ్లిపోతాది, మీకేం మతి పోయిందా" అని ఎగిరె. అప్పుడు వాకిట్లో నుంచి నాగేంద్రమ్మ గారు వచ్చి, "పోయిన నెల మనింట్లో రెండు రోజులు నెట్టు పోతే, మనవరాలి పాఠాలు పాయెనని ఆఫీసు మీదికి పోయి అరిచొచ్చింది ఎవరు? నీకు రెండు రోజులు ఓపిక లేదు, వాళ్లు ఎన్నేండ్లు ఉండాల?" అనె. ఆయప్ప మీసం సవరించుకుని లోపలికి పాయ. తాళంచెవి బయటికొచ్చె.

పసుపు ఉడికే డ్రమ్ముల కాడ తెలిసిన మనిషి ఒకరుండాల గదా. నేనుండా. కొమ్ము ఎప్పుడు ఉడికిందో పుల్ల గుచ్చి చెప్పేది ఈ గుంపులో నేనే. నాగేంద్రమ్మ గారు కొంగు దోపి తోడొస్తానన్నారు.

వీరభద్రను ఏమనొద్దు, దావంతా నీకు భయపడతానే వస్తాంటాడు. నా ఇంటి కాడ శివానిని నిలబెట్టు. దానికి మాటలు బాగా వస్తాయి, యాడ నేర్చుకునిందో.

అత్త


నల్లదొడ్డి కాలనీ,
13 మార్చి

నా అత్తకు,

నిన్న నువ్వు ఇక్కడ లేవు కాబట్టి ఒక్క ముక్క వదలకుండా రాస్తాను. కూర్చుని చదువు. చుట్టూ ఉన్నవాళ్లు అప్పటికే చెప్పి ఉంటారు, వాళ్లందరివీ కోతలు, నాది నిజం.

పొద్దున ఏడుకు వంక దగ్గర లారీ హారన్ వినబడింది. పసుపు మూటల లారీ ఇటెందుకొచ్చిందా అనుకున్నాను. వెనక తలుపు తెరిస్తే మూటల బదులు మన మనుషులు! జుట్టూ కనుబొమలూ గోళ్లూ పచ్చగా, ముప్పై మంది. మా అమ్మ నవ్వాలో ఏడవాలో తెలియక, "కాళ్లు కడుక్కోండి" అని అందరినీ గదమాయించింది. వీరభద్ర చివర దిగి నీ ఉత్తరం నా చేతిలో పెట్టి రెండడుగులు వెనక్కి వేశాడు. చదివాక నేనే వెళ్లి అతనికి టీ ఇచ్చాను. వాళ్లమ్మ మాత్రం, "ఇంగొకసారి ఫోన్ చేసి పని చెప్పు, నీ పని చెప్తా" అంది.

పదింటికి జ్ఞానరాజు గారి జీపు వచ్చింది. అప్పటికి ప్రతి తలుపు ముందూ ఒక మనిషి, చేతిలో కార్డు. ఆయన ఒక్కొక్క ఇంటి ముందూ ఆగారు, కార్డు చూశారు, ముఖం చూశారు, రాశారు. పచ్చటి చేతులు కనబడ్డప్పుడల్లా అరుణ్ కుమార్ తల కొంచెం కిందికి పోతోంది.

నీ ఇంటి దగ్గర ఆగి, "పెద్దక్క ఎవరు? ఇంటి పెద్ద ఏరీ?" అన్నారు.

శివాని, "నేను ఆమె కూతుర్ని సార్. ఈ ముప్పై మంది ఈడ నిలబడాలని మా అమ్మ ఆడ నిలబడింది. ఆమెను రాసుకోకపోతే వీళ్లందరినీ కొట్టేయాల మీరు" అంది.

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. నీ పేరు రాశారు. మొత్తం యాభై నాలుగు. మిర్చి కోతకు పోయిన మిగతా పది ఇళ్ల వాళ్లకు, వచ్చాక అడిగితే ఇస్తామని కింద రాశారు.

అరుణ్ కుమార్ తన ఫోనులో పటం తెరిచి, మన కాలనీ మీద పచ్చరంగు తీసేసి ఎర్రచుక్క పెట్టాడు. ఎర్రచుక్క అంటే "ఇక్కడికి ఇంకా రాలేదు, పంపాలి" అని అర్థమట. ఆ చుక్కను చూడటానికి యాభై నాలుగు ఇళ్ల వాళ్లు ఒకరి భుజాల మీద ఒకరు పడ్డారు. లేదని ఒప్పించుకున్నందుకు ఇంతమంది ఈలలు వేయడం ఏ ఊళ్లో జరిగి ఉంటుంది? మా నాయన ఈల వేయగలడని నాకు నిన్నే తెలిసింది.

మధ్యాహ్నం లారీ ఎక్కే ముందు అందరూ కొత్త కంప కొట్టుకొచ్చి తలుపులకు వేశారు. అరుణ్ కుమార్ తానూ ఒక చెయ్యి వేస్తానని వచ్చి వేలికి ముల్లు గుచ్చించుకున్నాడు. గిడ్డమ్మ అవ్వ పిన్నీసుతో తీస్తూ, "ఇప్పుడు తెలిసిందా నాయనా, కంప మొలిచిందో, ఏసిందో?" అంది.

పసుపు బాగా ఉడికిందా? అది కూడా తెలియాలి నాకు.

శివకుమారి


నల్లదొడ్డి కాలనీ,
10 ఏప్రిల్

అత్తా,

వచ్చింది. పొద్దున పదకొండుకు.

వంక మీదుగా స్తంభాలు పాతి, తీగ లాగి, నీ గోడకు ఒక చిన్న తెల్లపెట్టె బిగించారు. మూడింటికి శివాని నీ ఇంట్లో చాప వేసుకుని, గోడకు ఆనుకుని కూర్చుంది. లెక్కల సారు గంటసేపు చెప్పారు. గంట అంటే గంట, ముక్కలు కాదు. అది మధ్యలో ప్రశ్న అడిగింది. సారు "ఈ గొంతు కొత్తగా ఉందే, ఎవరమ్మా?" అన్నారు. ఎనిమిది నెలలుగా ఆయన క్లాసులో ఉన్న పిల్ల! "మధ్యలో తెగిపోయే శివానిని సార్" అంది. నేను వాకిట్లోకి వచ్చేశాను. నీ కోళ్లకు నూకలు వేయాల్సిన పని గుర్తొచ్చింది.

సాయంత్రం గిడ్డమ్మ అవ్వ కొడుకును చూపించమంది. వీరభద్ర కనబడగానే కాసేపు తెరను నిమిరింది, తర్వాత అరగంట తిట్టింది. ఒక్క తిట్టు కూడా తెగలేదు. నువ్వు పసుపుకు పాలిషు పట్టే దగ్గర ఉన్నావట, అందుకే బతికిపోయావు.

శివకుమారి


మైదుకూరు,
15 ఏప్రిల్

అమ్మీ శివకుమారీ,

పసుపు బంగారం మాదిరి ఉడికింది. కేశవయ్య గారు సంతలో చూపించి గొప్పలు పోతాండారు, ఉడకేసింది ఆయప్పే అన్నట్టు.

నీ జాబు చదువుతాంటే ఇనేకి పక్క కళ్లాల వాళ్లంతా వచ్చిరి. శివాని సారుతో అన్న మాట నాలుగుసార్లు చదివించుకునిరి. నేను ఐదోసారి ఒక్కదాన్నే చదువుకున్నా. దాన్ని సుగ్గికి తోడుకొని పోయే మాట నేను అనలే, నువ్వు ఇనలే. ఎవురన్నా అడిగితే అట్లే చెప్పు.

ఇంక అసలు సంగతి. పత్తికొండ దిక్కువి మూడు గుంపులు, ఆలూరు దిక్కువి రెండు ఈడే పని చేస్తాండాయి. వాళ్ల కాలనీల్లో గూడా కంప చూసి ఇండ్లు లేవని రాసుకున్నారంట. మీ మేనకోడల్ని పిలిపియ్యి, మాకూ అర్జీలు రాయాల అని నా పానం తీస్తాండారు. నీకు ఇంట్లో కూర్చుంటే కాళ్లు నిలవవని నాకు తెలుసు, అందుకే నిన్ను అడక్కుండానే మాటిచ్చేసినా. నాగేంద్రమ్మ గారు వరండా ఇస్తామన్నారు, బల్ల ఏసి పెట్టినాం. ఈసారి సిరా బిళ్ల కొన్నాం.

ఆదివారం పొద్దున బస్సు ఎక్కు. నాలుగు రోడ్ల కాడ దిగినాంక నన్ను యాడుండానో అని వెతుక్కోవద్దు. ఆడ నిలబడిన నూరుమందీ నీకోసం వచ్చినోళ్లే.

నీ అత్త
పెద్దక్క